లోపలి గడియ

ఫాల్ రివర్‌లో మిల్లులు మూతపడ్డా
వాటి కోసం కట్టిన చెక్క ఇల్లు మాత్రం నిలబడే ఉంది.
స్నానాలగది గులాబిరంగు.
వెయ్యిన్ని నలభై పలకలు, నేనే లెక్కపెట్టాను,
పగలగొట్టేవాడికి లెక్క తెలియాలి,
చెత్తబండివాడు బరువుని బట్టి తీసుకుంటాడు.
తలుపు ఇరవైనాలుగు అంగుళాలు.
ఒడీలియా చక్రాల కుర్చీ ఇరవైఆరు.

ఆ రెండంగుళాలకి ఆరేళ్లు.
తలుపు ఊడదీసి తెర కట్టారు.
కుర్చీ గుమ్మం దగ్గర ఆగిపోతే
అక్కణ్ణుంచి తోడికోడలు లుర్దెస్
చంకల కింద చేతులేసి ఎత్తేది,
ఇద్దరూ కళ్లు పక్కకి తిప్పుకుని.

ఇళ్లు అమ్మిపెట్టే మెరెడిత్ వచ్చి చెప్పింది:
టబ్బు ఉంచండి, పిల్లలున్నవాళ్లు టబ్బు లేని ఇల్లు కొనరు.
గోడకి ఆ కడ్డీలు వద్దు, ఆసుపత్రిలా ఉంటుంది, ధర పడిపోతుంది.
ఒడీలియా అంతా విని
"కొనేవాళ్లకి మాత్రం మోకాళ్లుండవా?" అంది.
నాకు నవ్వొచ్చింది. టేపు చుట్టుకున్నాను.

ఇనప టబ్బు మెట్లు దిగదు.
దుప్పటి కప్పి సమ్మెటతో కొట్టాలి.
మొదటి దెబ్బకి గంటలా మోగింది,
రెండోదానికీ.
ఏడోదానికి మాట పడిపోయింది.

అద్దం అలమర ఊడదీశాక
దాని వీపున సన్నని చీలిక కనపడింది.
అరిగిన బ్లేడుని అందులో జారిస్తే
వెనక గోడలోకి పడుతుంది, అంతే.
ఆ కాలం వాళ్లు అలా గోడకి అప్పజెప్పేసి
గడ్డం తుడుచుకుని పనికి పోయారు,
గోడ తెరిచే రోజొకటి ఉంటుందనుకోకుండా.

గోడలకి చెవులుంటాయంటారు.
ఈ గోడకి పొట్ట ఉంది.
కోయగానే దోసెడు, ఇంకో దోసెడు,
తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుని
చేటెడు బ్లేడులు.

"అడుగువి మా మామగారివి" అంది ఒడీలియా గుమ్మంలోంచి,
"మగ్గం షిఫ్టుకి ముందు, చీకట్లో గీసుకునేవాడు.
పైవి ఎవరిస్తువి."
కాసేపాగి
"ఆఖరిది ఏది?" అంది.

ఏది ఆఖరిదో ఎవరు చెప్పగలరు.
తుప్పు తక్కువున్నదొకటి ఏరి ఇచ్చాను.
అబద్ధమే అయ్యుంటుంది.
నా సిమెంటు రసీదులో మడిచి
స్వెటర్ జేబులో పెట్టుకుంది.

గోడ మూసేముందు నిలువు చెక్కల మధ్య
ముప్పావు అంగుళం ప్లైవుడ్ బిగించాను.
బయటికి కనపడదు, ఫోటోలో పడదు,
మెరెడిత్ కాగితంలో దానికి గడి లేదు.
కాని ఎవరైనా, ఎప్పుడైనా,
తూలి చెయ్యేస్తే
ఆ చోట గోడ పట్టు ఇస్తుంది.
కడ్డీలు మూడు. ఎత్తు పుస్తకంలో చూడలేదు,
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
ఆవిడ మోచేతిని ఊహించుకున్నాను.

గడప తీసేశాను.
నీరు పల్లమెరుగు నిజమే,
ఆ పల్లం ఎవడో ఒకడు మోకాళ్ల మీద పాకి చెయ్యాలిగా:
అడుగుకి పావు అంగుళం, నాలుగు వైపుల నుంచీ,
చక్రం జారకుండా, నీళ్లు నిలవకుండా.
నా నడుం ఇంకా ఆ వాలులోనే ఉంది.

చివరి రోజు మెరెడిత్ కొలతలకొచ్చింది.
ఆవిడ టేపు తీసేలోపే
ఒడీలియా లోపలికి దొర్లిపోయింది,
ముప్పైఆరు అంగుళాల కొత్త తలుపు మూసుకుంది.
టక్.

లుర్దెస్ అలవాటుగా లేచింది.
మళ్లీ కూర్చుంది.
చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసింది,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు పాపం.

నీళ్ల చప్పుడు.
పది నిమిషాలు, ఇరవై, నలభై.
మెరెడిత్ గడియారం చూసుకుని
కాగితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది.

మూలన పూసిన సిలికాన్ ఆరడానికి
ఒక రోజు పడుతుంది.
ఇవాళ చుక్క నీరు తగలకూడదు.
తలుపు తట్టి చెప్పొచ్చు.
చెప్పలేదు.

రేపొచ్చి ఆ మూల మళ్లీ పూస్తాను.
అది బిల్లులో వెయ్యను.