వెనక సీటుకి రెండు కన్నాలు

మొండెపులంకలో మూతపడ్డ పీచు ఫ్యాక్టరీ.
రేకుల కింద, రెక్కలింకా తొడగని విమానం
పొలుసు తీసిన పండుగప్పలా పడుంది.
పడవ ఇంజన్ల వీరభద్రం సొంతంగా కడుతున్నాడు.
నన్ను పిలిపించింది మైకు సెట్టు వాణ్ణనే.

నలభై ఏళ్లు నేను చేసిందల్లా
ఒక్క గొంతుని ఊరంతటికీ విసరడం.
పెళ్లి మంత్రాలు, ఓట్ల దండాలు, తప్పిపోయిన గేదె,
వరద రోజున "లంక ఖాళీ చెయ్యండి" అన్న కేక,
అన్నీ కొబ్బరిచెట్టుకి కట్టిన నా బాకాల్లోంచే వెళ్లాయి.
ఈ పని వేరు.
నలుగురికి మించి వినపడకూడని మాట.

ముందు సీట్లవి పూటలో అయిపోయాయి.
చిక్కంతా వెనకే.

పక్క గోడకి పెడితే మోచెయ్యి తగులుతుంది;
తగిలినప్పుడల్లా ప్లగ్గు వెంట్రుకవాసి వంగి
ఏడాది తిరక్కుండా టంకం ఊడుతుంది.
కప్పుకి పెడితే తీగ మొహం మీద వేలాడుతుంది
పందిరి సొరకాయలా.
నేల మీద పెడితే ఎక్కేవాళ్ల కాలికి ఉరితాడు.
వీపు వెనక పెడితే
మెడ తిప్పిన కొంగయిపోవాలి మనిషి.

సీట్లకి మెత్తలింకా రాలేదు.
రెండు బియ్యం గోతాలు మడిచి వేసి
దానియేలుని కూర్చోబెట్టాం. వాడు ఆరడుగుల పైన.
"ఆయ్, మోకాలి కాడ బాగుందండి" అన్నాడు.
వాడి మోకాలంటే మాకు భుజం.

సాయంత్రం క్యారియర్ పట్టుకొచ్చింది వరహాలు.
భద్రం పెళ్లాన్ని వెనక ఎక్కించి
తన తువ్వాలు తీసి కళ్లకి కట్టాడు.
"చెయ్యి ఎక్కడికెళ్తే అక్కడ గీత గియ్యి" అన్నాడు నాతో.

సుద్దముక్క పట్టుకుని చూస్తున్నాను.
ఆవిడ చెయ్యి గోడని తడమలేదు, కప్పుని తడమలేదు.
తిన్నగా ముందున్న ఖాళీ సీటు మీదకి వెళ్లి
కుడివైపు, జబ్బ ఉండాల్సిన చోట
ఆగిపోయింది.

స్కూటరు!
ముప్పయ్యొక్క ఏళ్లు ఆ చెయ్యి అక్కడే ఉంది,
ఏటిగట్టు గతుకుల మీద, గన్నవరం అక్విడెక్టు గాలిలో.
వెనకనుంచి ఆవిడ ఏదో అనేది.
వీడు "ఆఁ?" అనేవాడు.
గాలి ఆ మాటనెత్తుకెళ్లి
ఏ లంక మెరకలోనో పారేసేది.
మూడో "ఆఁ?"కి ఆవిడ ఊరుకునేది.
బాకాలు కట్టిన మోపెడ్డు మీద వెనకే వస్తూ
ఎన్నిసార్లు చూశానో.

సీటు వీపుకి తొలవకూడదు,
అది ముందుకీ వెనక్కీ జరుగుతుంది, తీగ తెగుతుంది.
కానీ రెండు సీట్ల మధ్య కదలని పెట్టె ఒకటుంది.
ఆ జబ్బ మీంచి చెయ్యి జారితే
పడేది సరిగ్గా దాని మీదే.

రెండు కన్నాలు తొలిచాను.
ఒకటి చెవికి, ఒకటి నోటికి.
చెవిది లావు. నోటిది రవ్వంత సన్నం.
ఈ కొలతలు ఎవరు పెట్టారో గానీ
పెళ్లయినవాళ్లే అయ్యుంటారు.

నోటి జాకు ఒంటి రేకుకి తగలకూడదు.
తగిలితే రొదంతా మాటలోకి దిగుతుంది,
ధాన్యం మిల్లులో పురాణం చెప్పినట్టు.
మధ్యలో ఒక వాషరు పడాలి, గోరంత.
అది కాస్తా జారి పీచు పొట్టులో పడితే
నలుగురం మోకాళ్ల మీద గంటసేపు వెతికాం.
చివరికి వరహాలు కుచ్చిళ్లలో దొరికింది.

బ్యాటరీ తగిలించాం.
భద్రం ముందు, ఆవిడ వెనక, పక్కన నేను,
చెవులకి డిప్పలు పెట్టుకుని.

మొదట ఊపిరి వినపడింది.
ఇంత దగ్గరగా మనిషి ఊపిరి
నా బాకాల్లో ఎన్నడూ వినలేదు.
భద్రం అలవాటుగా "ఆఁ?" అన్నాడు
ఆవిడింకా ఏమీ అనకుండానే.

"ఏం లేదు, పులుసు చల్లారిపోతోంది" అంది.
కాసేపాగి
ఇంకో మాట మొదలుపెట్టింది.

అది ఇద్దరికి సరిపోయే మాట.
నా ప్లగ్గు లాగేసుకుని దిగాను,
టంకం కడ్డీ ఆర్పానో లేదో
చూడ్డానికి.