నిమ్మకాయంత

మా కొట్టు ఆంట్‌వర్ప్ స్టేషన్ వెనక సందులో,
అసలు వజ్రాల అద్దాల తలుపులన్నీ దాటాక,
సైకిళ్ల రిపేరు షాపు పక్కన.
బోర్డు మీదే రాసి ఉంటుంది: ఇక్కడ అన్నీ నకిలీవే.
అయినా లోపలికొచ్చినవాళ్లు గొంతు తగ్గించే అడుగుతారు,
మందుల షాపులో అడిగినట్టు.

నాటకాల వాళ్లొస్తారు, కిరీటం ఆఖరి వరసకీ మెరవాలంటూ.
హోటళ్ల వాళ్లొస్తారు,
పళ్లెం నిండా పోసి మధ్యలో కొవ్వొత్తి పెట్టుకోవడానికి.
ఒకావిడ చేపల తొట్టె అడుగున పరవడానికి
రెండు కిలోలు పట్టుకెళ్లింది.
చేపలకి తేడా తెలీదు కదా, అంది.
తెలుస్తుందేమో, ఎవరడిగారు?

మంగళవారం. వాన.
నైలెన్ నుంచి రైల్లో వచ్చాడట పెద్దాయన, పేరు గొమ్మార్.
టోపీ తీసి గుమ్మం బయటికి నీళ్లు దులిపి
"నిమ్మకాయంతది కావాలి" అన్నాడు.
గట్టిగానే.
"ఉంగరానికా?" అన్న నా జోకుకి నవ్వలేదు.
"వంటింటి కిటికీకి."

బీరువా అడుగు అరలోంచి తీశాను.
జిర్కోనియా, చైనా సరుకు, యాభై ఎనిమిది ముఖాలు,
అరకిలోకి కాస్త తక్కువ.
ఇంతే వజ్రమైతే ఇంత బరువుండదు.
మా దగ్గర అబద్ధమే ఎక్కువ తూగుతుంది.

ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్లలేదు.
నోటి దగ్గర పెట్టుకుని హా అని ఊదాడు.
ఆ పరీక్ష నాకు తెలుసు.
నిజం వజ్రం మీద ఆవిరి పడుతూనే ఎగిరిపోతుంది.
ఒళ్లు మండింది నాకు.
"బోర్డు చదవలేదా? మేమేం దాచడం లేదే!"

వేలెత్తాడు, ఆగమన్నట్టు.
రాయి మీద తెల్లటి మసక
అంచుల్లోంచి మెల్లగా, మెల్లగా ఇంకుతోంది.
అదంతా పోయేదాకా మాట్లాడలేదు.

"నలభై ఒక్క ఏళ్లు సానబట్టాను.
పెరట్లో కోళ్ల గూడు పక్కన షెడ్డు, మా నాన్న చక్రం.
పెద్ద రాళ్లు ఊళ్లో దొరలకి, మాకు రవ్వలు.
రవ్వంటే రవ్వంతే. తుమ్మితే పోయేవి.
ఒకసారి పోయింది కూడా.
నేనూ గోడెలీవ్ మోకాళ్ల మీద పాకి
కోడి పెంటతో సహా జల్లెడ పట్టాం.
ఎన్నిటి మీద ఊదానో లెక్క లేదు.
ఒక్కటీ నా ఊపిరిని రెప్పపాటైనా ఉంచుకోలేదమ్మాయ్."

ఇంకేదో అంటాడనుకున్నాను.
రాయి తిప్పి, నడుము దగ్గర గోటితో చూపించాడు.
"ఈ మూడు గీతలూ ఒకచోట కలవలేదు.
మా మేస్త్రీ అయితే కూలి కోసేవాడు.
ఐదు యూరోలు తగ్గించు."
మూడు తగ్గించాను.

కాగితంలో చుట్టబోతే వద్దని
కోటు జేబులో వేసుకున్నాడు. భుజం అటు వంగింది.
రైల్లో దొంగలుంటారు జాగ్రత్త, అన్నాను.
"కొట్టేస్తే వాడి మొహం చూడాలి"
అంటూ అప్పుడు నవ్వాడు, కింది పళ్లు రెండు లేవు.

మూడు వారాలకి పోస్ట్‌కార్డు.
చక్రానికి తుప్పు వదిలించాడట. గీతలు కలిశాయట.
కాఫీ కాచినప్పుడల్లా రాయి ఆవిరి పట్టి
కిటికీలో ముద్దగా కనిపిస్తుందట, తుడవడం లేదట.
కింద, అండర్‌లైన్ చేసి:
సాన కూలి రెండు యూరోలు, నువ్వే బాకీ.

కవర్లో నాణెం పెట్టి పంపాను.
అసలుదే.
వెలుతురులో తిప్పి చూసి మరీ.