ఇరవై రెండు డిగ్రీలు

అల్ కూజ్‌ల గోదాము మాది.
మాది అంటే
కావలి నాది.
ఆరు వందల పన్నెండు గదులు,
అన్నే తాళాలు,
లోపల మనుషులుండరు, సామాన్లుంటయి.

సామాన్లకు ఉక్క పొయ్యొద్దని
రాత్రింబవళ్లు ఇరవై రెండు డిగ్రీలు.
సోనాపూర్ల మా రూముల ఏసీ
పోయిన జూన్‌ల దగ్గి దగ్గి ఆగింది.
తడి తువ్వాలలు కప్పుకొని పంటం ఏడుగురం.
అందుకే నాకు రాత్రి డ్యూటీ ఇష్టం.
ఎవరివో సోఫాలు పండుకున్న చల్లదనంల
నేనూ ఇంత వాటా తీసుకుంట.

నాలుగు వందల పదిహేడు
ఒక మేడమ్‌ది.
లెబనాన్ అంటడు టేక్‌రాజ్, నేను అడగలే.
బేస్తారం బేస్తారం వస్తది.
షట్టర్ నడుముదాకా లేపి
వంగి లోపలికి పోతది.

గుడ్డ కప్పిన పియానో,
పన్నెండు మంది తినే బల్ల,
దాని మీద కాళ్లు పైకి పెట్టి కుర్చీలు,
గోడకు మొఖం తిప్పుకున్న ఫోటోలు,
సీటు మీద ప్లాస్టిక్ చింపని
పిల్లగాని సైకిల్.

ఒక కుర్చీ దించుకొని
అర్ధగంట కూసుంటది.
ఏడ్వదు. ఫోన్ చూడదు.
లేచి కుర్చీ మళ్ల బోర్లిస్తది.

ఒకసారి అడిగింది, ఇంగ్లీషు సగం, హిందీ సగం:
నీకేమేం ఉన్నయ్?
చెప్పిన. కింది మంచం.
చక్రం ఊడిన సూట్‌కేస్.
కరెంటు కెటిల్ ఒకటి,
అన్నమూ అండ్లనే, గుడ్లూ అండ్లనే,
చాయ్‌ల గుడ్డు వాసనొస్తది.
ఇంటికాడ?
ఇంటికాడ ఫ్రిజ్ ఉన్నది, అన్న.
అనంగనే నా గొంతు మారింది, నాకే తెలిసింది.

కోరుట్లల కొనిపించిన. ఎర్రది. మే నెల.
ఆ రాత్రి గంగామణి వాయిస్ మెసేజ్ పెట్టింది.
మాట లేదు.
కరకర, కరకర.
ఐసుగడ్డ నములుతున్నది.
వెనుక మా బిడ్డ, అమ్మా నాకూ, నాకూ.
పదకొండు సెకన్లు.
బస్సుల విన్న, మెస్సు లైన్ల విన్న,
స్నానాల గదిల నల్లా బందుచేసి విన్న.

సామాన్లతోని సుఖం రాదని చెప్పేటోళ్లు
పుట్టినసంది ఇంట్ల ఐసున్నోళ్లు.

కానీ
వాషింగ్ మిషన్ కొంటే, మంచిగున్నదయ్యా, అన్నది.
పెద్ద టీవీ కొంటే, వచ్చింది, అన్నది.
నిరుడు దివాను మంచానికి
రెండు నీలి టిక్కులు.
ఇది మేడమ్‌కు చెప్పలే.
ఐసు మాత్రం వినిపించిన.
ఇంకోసారి, అన్నది.
ఇంకోసారి.

ఎండకాలమొచ్చింది, ఆమె రాలే.
నాలుగు నెలల కిరాయి బాకీ.
కాయిదాల ప్రకారం తాళం కోసినం.
కొన్నోళ్లు లారీ తెచ్చిండ్రు.
ఎనిమిది మంది మోస్తుంటే పియానో
షట్టరుకు తాకి లోపల ఒక తీగ మోగింది.
మోసేటోళ్లందరూ ఆగిండ్రు.
ఎందుకాగినమో ఎవరూ అనలే.
మళ్ల ఎత్తిండ్రు.

సైకిల్ ఒక్కటి మిగిలింది.
తొక్కకుండనే టైర్లు పర్రెలు వాసినయి.
తీస్కపో, అన్నడు సూపర్వైజర్.
నా బిడ్డకిప్పుడు పద్నాలుగేండ్లు.

రాత్రి రెండింటికి
టేక్‌రాజ్ సీటు మీది ప్లాస్టిక్ చింపిండు.
మోకాళ్లు హ్యాండిలుకు తాకంగ, పొడుగు వరండాల
అటూ ఇటూ తాళాల నడుమ
నేపాలీల ఏదో అరుసుకుంట పోయిండు.
కెమెరా చూస్తే చూసె.
తర్వాత నేను.
నలభై మూడేండ్లోన్ని, చల్లగాలి మొఖానికి కొడ్తుంటే
బెల్లు కొట్టిన. ఊకె కొట్టిన.

అది రికార్డు చేసి గంగామణికి పంపిన.
మాట లేదు, ఉత్త బెల్లు.
తెల్లారి జవాబొచ్చింది:
ఏమైందయ్యా నీకు?

ఏం చెప్పాలెనో ఇంకా తెలుస్తలేదు.
నాలుగు వందల పదిహేడుకు కొత్త తాళం పడ్డది.
ఎవరివో డబ్బాలు, టేపు వేసినయి, నిండ.
ఏసీ నడుస్తున్నది.