ఎస్‌కు ముందా, తర్వాతా

ఓ కొక్కెమా,
అక్షరాల భుజమ్మీద వాలి
కిందికి దిగనని మొండికేసిన కామా పిల్లా,
నిన్ను పిలవడానికి నా దగ్గరున్నవి
బళ్ళో వల్లించిన నాలుగు ముక్కలే:
ఓ, ఓయి, ఓరి, ఓసి.
సంబోధన ప్రథమా విభక్తి.
ఎదురుగా లేనివాళ్ళకి అవి ఎంత దూరం వినిపిస్తాయో
మా పంతులుగారు చెప్పలేదు.

నా భాషలో నీకు చోటు లేదు.
అచ్చు మీద అచ్చు పడితే
ముందుది చప్పుడు లేకుండా జారిపోతుంది.
సంధి అంటాం. సర్దుకుపోతాం.
ఒకప్పుడు అరసున్న ఉండేది,
పోయిన నకారానికి
సగం కన్ను తెరుచుకుని కాపలా.
దాన్నీ అచ్చాఫీసు వాళ్ళు ఇంటికి పంపేశారు.

అందుకే నీ కోసం ఇంత దూరం.

ఫ్లీట్‌వుడ్. వైర్ నది సముద్రంలో కలిసే చోటు.
ఫిబ్రవరి. గాలికి ఉప్పుపళ్ళు.
నిచ్చెన మీద ఆస్టిన్ థ్రెల్ఫాల్,
బోర్డులు రాసే మనిషి.
డెబ్బై దాటినా చెయ్యి వణకదు, మోకాలే వణుకుతుంది.
ఉడుత వెంట్రుకల కుంచె,
మీగడరంగు ఎనామెల్ డబ్బా.
ఆకుపచ్చ పలక మీద
స్వార్‌బ్రిక్ అని తొమ్మిది అక్షరాలు,
వేలెడు ఖాళీ,
ఆ అవతల ఒంటరిగా ఒక ఎస్.

ఏ చలికాలమైనా ముందు రాలేది నువ్వే.
అంతలేసి దానివి, నీకు పట్టు ఎక్కడిది?

“ఈసారి వదిలేద్దామా వెరా?
వీధి పలకల మీదే తీసేస్తున్నారు.
నీకూ రెండు పౌండ్లు మిగులుతాయి.”

కింద వెరా. ఏప్రన్ నిండా మైదా,
ముంజేతుల దాకా హ్యాడక్ వాసన.
“వదిలేస్తే ఎంతమంది స్వార్‌బ్రిక్‌లవుతారు ఆస్టిన్?
గుంపు. ఫుట్‌బాల్ టీము.
ఉన్నది ఒక్కడే. అతనూ”

వాక్యం అక్కడ తెగింది.
తెగిన చోట నిన్నెవరూ పెట్టలేదు.

“సరే, పెడతాలే.
ఎస్‌కు ముందా, తర్వాతా?
ముందైతే ఒక్కరి కొట్టు.
తర్వాతైతే మీ ఇద్దరిదీ.”

వ్యాకరణమే అనుకుని అడిగాడు పాపం.

వెరా ముఖం తిప్పుకుంది.
అతని నుంచి, నిచ్చెన నుంచి, బోర్డు నుంచి
నీళ్ళ వైపు.
ఐస్‌లాండ్ కాడ్ కోసం వెళ్ళిన పడవ
ముప్పై ఎనిమిదేళ్ళుగా వస్తూనే ఉంది.
టోపీ కూడా ఒడ్డుకి రాలేదు.

“క్లెమ్, వింటున్నావా?
ఈ ఆస్టిన్ ఏదో అడుగుతున్నాడు.
నూనె కాచింది నేను.
బంగాళాదుంపల తొక్క తీసింది నేను.
పన్నువాళ్ళతో పోట్లాడింది నేను.
పేరు మాత్రం నీది.
చెప్పు, ఏం రాయమంటావు?”

చెత్తబుట్ట మీది సీగల్ ఒకటి
జవాబివ్వబోయి మానుకుంది.

గ్రీకులో నీ పేరుకి అదే అర్థమట,
అటు తిరగడం.
సభలో వాదిస్తున్నవాడు ఉన్నట్టుండి
న్యాయమూర్తిని వదిలేసి
చనిపోయినవాడితోనో, కత్తితోనో, ఊరితోనో
మాట్లాడటం.
ఆ పిలుపుకీ
రాలిన అక్షరం దగ్గర వేలాడే నీకూ
ఒకే పేరెందుకో నిఘంటువులో చూశాను.
రెండు అర్థాలు, వరస నంబర్లు వేసి ఉన్నాయి.
వెరా మెడ తిరిగినప్పుడు
నంబర్లేవీ కనబడలేదు.

చాలాసేపటికి ఇటు తిరిగి అంది:
“తర్వాతే పెట్టు.”

“మరి మధ్యలో ఈ ఖాళీ?
పలకంతా చెరిపి రాయాలి.”

“ఉండనీ.”

లోపల నూనె కాగిన వాసన.
గబగబా వెళ్ళిపోయింది.

ఆస్టిన్ ఊపిరి బిగబట్టి
ఎస్ పక్కన, కాస్త పైగా,
నిన్ను దించాడు. ఒక్క వంపు.

నిచ్చెన మూడో మెట్టు మీద
కుంచె నుంచి జారిన ఇంకో బొట్టు
ఏ అక్షరానికీ చెందకుండా
ఆరిపోయింది.