లెక్కకు ఒకటి తక్కువ

తరమణిలో మా ల్యాబు. లోపల ఏసీ చలి.
వ్యాసర్పాడి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది దేశమ్మ,
ఎనిమిది వందల మీటర్ల పిల్ల.
తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.
అంగీకారపత్రం మీద సంతకం తమిళంలో పెట్టింది.

ముందు గుండ్లు.
రేగిపండంత బూడిదరంగువి, ముప్పై తొమ్మిది.
తుంటి ఎముక వెతికి ఒకటి, మోకాటి చిప్ప పక్కన ఒకటి,
చీలమండకి అటొకటి ఇటొకటి.
పన్నెండు కెమెరాలు ఎర్రకళ్లతో వాటినే చూస్తాయి,
మనిషిని చూడవు.
చర్మం ఎముక మీద జారుతుంది కదా సార్, అన్నానోసారి.
ఆ జారుడుకీ ఓ సూత్రముందయ్యా, అన్నారు కదిరేశన్ సార్.

పిక్కకీ నడుముకీ పట్టీలు,
వాటిలో అగ్గిపెట్టెల్లాంటి సెన్సర్లు.
ఎక్కడున్నాయో వాటికి తెలియదు,
ఎంత తిరిగాయో మాత్రం చెబుతాయి,
కళ్లకు గంతలు కట్టినవాడు మలుపులు లెక్కపెట్టినట్టు.
పక్కన ట్రెడ్‌మిల్ ఇనుముంటే కాస్త దారి తప్పుతాయి.

మూడోది ఏమీ అంటించదు.
మామూలు వీడియో.
ఎవరెవరి పరుగులో వేలకొద్దీ మింగిన ప్రోగ్రాము
మోకాలు ఇక్కడుండాలి అని ఊహిస్తుంది.
వదులు ప్యాంటు వేసుకుంటే దానికి తడబాటు.

ఒకే పరుగు, మూడు కొలతలు, ఒకేసారి.
మోకాలి వంపులో తేడా మూడు డిగ్రీలు, అంతే.
తెర మీద గీతలు మూడూ
కుచ్చిళ్ల మడతల్లా ఒకదాని మీదొకటి పడ్డాయి.
సార్ అందరికీ ఫిల్టర్ కాఫీ తెప్పించారు.

నాకే ఏదో.
మడమ అంత మెల్లగా ఎందుకు దిగింది?
పట్టీ విప్పుతూ అడిగాను.
"ఒక్కో గుండు ఎంతవుతుందో మీరే చెప్పినారు కదన్నా.
ఊడిపోతే నా మీద పడుతుందని
కొంచెం చూసుకుని పరిగెత్తినా."

మూడు పద్ధతులూ సరిగ్గానే కొలిచాయి,
భయాన్ని,
మూడు డిగ్రీల తేడాతో.

ఆరున్నరకి గేటు బయట తుంపర.
బస్సు కదిలేసింది.
చెప్పులు చేతిలోకి తీసుకుని
టిఫిన్ సంచి చంకన బిగించి దేశమ్మ...
ఆ పరుగు మా ఏ ఫైల్లోనూ లేదు.
నా వెనక ఆగిన ఆటో లైటు పడి
ఆమె ఎడమ చీలమండ దగ్గర తెల్లటి చుక్క,
పైకి, కిందికి, పైకి,
ఫుట్‌బోర్డు మీంచి ఎవరిదో చెయ్యి అందేదాకా.

లోపలికొచ్చి డబ్బా తెరిచి లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది.
రిజిస్టరులో రాశాను: ఒకటి పోయింది.
ఎక్కడ అనే గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.
ట్రెడ్‌మిల్ కింద, అని రాసి
సంతకం పెట్టాను.