నిల్వ లేని ఖాతా

మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్లు కాటా గుమాస్తాని.
లక్షల టిక్కీలు రాశాను,
ఒక్కటీ ఎత్తలేదు.
ఎత్తింది నాసరయ్య.
అతని వీపు మీది బరువు
నా పెన్ను కింద అంకెగా మారేది.
అంతే నా కష్టం.

కొత్తపేటలో డాక్టరమ్మ
నా రక్తం కాగితాన్ని
మా షావుకారు చిట్టా చూసినట్టు చూసింది.
మందులు రాసి, పెన్నుకు మూత పెట్టి
"రోజూ నడవండి" అంది.
"రోజూ అంటే?"
"అన్నం రోజూ తింటారుగా!"

బ్రాడీపేటలో కొన్న కాన్వాసు బూట్లు
కొత్త పెళ్లికొడుకుల్లా కిర్రుమంటుంటే
మొదటి రోజు కంకరగుంట వంతెన
సగం కూడా ఎక్కలేదు.
రెయిలింగు పట్టుకు నిలబడితే
కింద మాచర్ల పాసింజరు
నాకంటే తక్కువ ఆయాసంతో వెళ్లిపోయింది.
పాలప్యాకెట్ల కుర్రాడు సైకిలాపి
"మంచినీళ్లు కావాలా బాబాయ్?" అన్నాడు.
అక్కర్లేదన్నాను.
తాగాను.

పదో రోజుకి సగం.
ఇరవయ్యో రోజుకి నడినెత్తి.
అక్కడ గాలిలో కారం ఉండదని
పుట్టి బుద్ధెరిగిన గుంటూరువాణ్ణి,
నాకు తెలీదు.

అలవాటు చొప్పున లెక్క కట్టాను:
నెల్లాళ్ల నడక జమ,
నాలుగు రోజుల వాన ఖర్చు,
పోగా ఇంకా బోలెడు ఉండాలి కదా.
ఐదో రోజు వెళ్తే
వంతెన నన్నెరగదు.
పిక్కలు మళ్లీ మొదటి పేజీ తెరిచాయి.
ఏటా మార్చి నెలాఖరున
పాత పుస్తకంలో మిగిలింది
కొత్త పుస్తకంలోకి ఎక్కించి బతికినవాణ్ణి.
"వెనక పేజీ నుంచి తెచ్చినది" అన్న వరసే
లేని ఖాతా చూడటం ఇదే మొదలు.
నిన్నటి నడక నిన్నటికే చెల్లు.

ఈ ముక్క నాసరయ్యకి గొప్పగా చెప్పాను.
అతను కండువా దులిపాడు.
కారం లేచింది, ఇద్దరం తుమ్మాం.
"మిమ్మల్ని కదలమందా డాక్టరమ్మ?
నన్ను కదలొద్దన్నారు బాబూ.
మోకాళ్లల్లో గుజ్జు లేదంట.
మనిద్దరి ఒంట్లో పని
ఎవడో సరిగ్గా పంచలా."

ఆ రోజు ఒక టిక్కీ తప్పు రాశాను.

ఆదివారాలు యార్డు ఉండదు.
అతనూ వస్తాడు వంతెన మొదలు దాకా.
ఎక్కడు.
టీ బండి పక్కన స్టూలు మీద కూర్చుని
నాకూ ఓ గ్లాసు చెప్పి
నేను బయల్దేరగానే పోయించి పెడతాడు.
తిరిగొచ్చేసరికి మీగడ కడితే
పెదవి విరుస్తాడు.
ఆవిరి ఉంటే ఏమీ అనడు.
అదీ అతని కాటా.

మొన్న గ్లాసు చెయ్యి కాల్చింది.
ఉఫ్ మంటూ తాగుతున్నాను.
నా వంక చూడకుండా
రోడ్డుకి చెబుతున్నట్టు అన్నాడు:
"రేపు సోమారం.
నేనుండను బాబూ.
వంతెన ఉంటది."