ఇరవై కిలోలు

కుతాయిసిలో వాన. మూడో అంతస్తులో
బాత్రూమ్ తూకం మీద ఎడమ పాదం ఆనించి
చంకకర్రల మధ్య నిలబడ్డాడు బద్రి.
"ఇరవై కిలోలు. ఒక్క గ్రాము ఎక్కువైనా ఊరుకోను"
అంది లమారా, టీ గ్లాసు కిటికీలో పెట్టి.

గాల్లోకి లేచి, చెక్కబల్లల మీద మోకాళ్లతో దిగి,
బొంగరంలా తిరిగి లేచినవాణ్ణి
ఇన్నేళ్లలో బరువు లెక్క ఎవరడిగారు?
ముల్లు ముప్పై దాటుతుంది, పదికి పడుతుంది.
కాలికి దూకడం వచ్చు.
ఆనడం రాదు.

తొడ ఎముక చివర, చిల్లర బిళ్లంత మృదులాస్థి
ఎవరిదో. పేరు చెప్పరు.
"వాళ్లకి ఆట వచ్చి ఉంటుందా?" అడిగాడొకసారి.
కోణం కొలిచే ప్లాస్టిక్ బద్దని
లమారా మడిచి జేబులో పెట్టుకుంది.
"డెబ్బై రెండు. నిన్న డెబ్బై."

రాత్రి యంత్రం అతని కాలిని
మడుస్తుంది, చాపుతుంది, మడుస్తుంది.
మోటారులో ఎక్కడో చిన్న కిర్రు,
ఆరు దెబ్బలకోసారి.
నాలుగో రాత్రి, మంచం కడ్డీ మీద
వేళ్లు వాటంతటవే డోలు అందుకున్నాయి.
పక్క మంచంలో తుంటి విరిగిన ముసలి గని కార్మికుడు
తిడతాడనుకుంటే,
"నెమ్మదిగా వాయించవయ్యా,
పెళ్లికొడుకింకా రాలేదు" అని అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే మళ్లీ తూకం.
పద్దెనిమిది. ఇరవై మూడు. పంతొమ్మిది.
ఇరవై.
ముల్లు వణికి, ఆగింది.
టీ చల్లారుతోంది. ఇద్దరూ లోలోపలే లెక్కపెడుతున్నారు,
లమారా సెకన్లు,
అతను దెబ్బలు.